అరచేయి

ఒకప్పుడు బొగ్గుల గది అది.
బొగ్గు పోయింది, నలుపు మాత్రం
గోడల్ని వదిలిపెట్టలేదు.
లోపల్నుంచి కొలమన్ బల్లమీద రెండుసార్లు తడతాడు.
నన్ను పిలవడమంటే అదే.
చేతుల పిండి దులుపుకోకుండానే వెళతాను.

ముప్పై ఏళ్ళు ఓడల పొట్టల్లో చేరి
ఇనుప పలకలు సాపు చేసిన మనిషి.
సుత్తి తన కూలి తను తీసుకుంది:
కోవ్ కొండమీది చర్చి గంటల్లో
పెద్దవే ఇప్పుడతనికి మోగుతాయి.
చిన్న గంటలు, పిచ్చుకలు, కెటిల్ కూత,
నా గొంతులో సగం
ఎటు పోయాయో ఇంట్లో ఎవరమూ అడగలేదు.

అలాంటివాడు ఈలలు చేస్తానన్నాడు.
నవ్వాను.
వినపడలేదు కనక సరిపోయింది.

ఇత్తడి గొట్టం, నా చిటికెన వేలంత లావు,
జానెడు మీద నాలుగు వేళ్ళ పొడుగు.
చేపల పడవలో నూనె మోసిన పైపు ముక్క.
ఎంత కడిగినా రెండు వారాలు
పెదాలమీద డీజిలు రుచి.
దాని నోట్లోకి చెక్క బిరడా.
మొదట పైన్ పెట్టాడు, ఉమ్మికి ఉబ్బి
ఊపిరాడకుండా బిగుసుకుంది.
తర్వాత మా అత్తగారి బీరువా అడుగుపలక,
దేవదారు,
నాతో కూడా చెప్పకుండా కోశాడు.
బిరడా వీపున ఒక్క పొర చివ్వి
గాలికి దారి వదిలాడు, గోరు దూరని దారి.
దారి చివర ఇత్తడిలో చిన్న కిటికీ,
ఆ కిటికీ గడపకు కత్తి పదును.
ఊపిరి అక్కడ కోసుకుని రెండవుతుంది.
"తెగకపోతే ఉత్త గాలి, తెగితేనే పాట"
అంటాడు, ఎవరో అడిగినట్టు.
రోజుకొకసారి అంటాడు.

ఇక ఆరు రంధ్రాలు.
సన్నగా తొలిచి, ఊది, నా వైపు చూస్తాడు.
శ్రుతి తగ్గితే నా వేలు పైకి,
హెచ్చితే కిందికి,
కుదిరితే అరచేయి.
చర్చిలో పదహారేళ్ళు రెండో వరసలో పాడినదాన్ని,
నా చెవిని నమ్మొచ్చు.
రంధ్రం పెరిగేకొద్దీ స్వరం ఎక్కుతుంది.
ఇత్తడిని గీకి తీయగలం గాని
తీసింది తిరిగి అంటించలేం.
అందుకని ఆకురాయితో రెండు రాపిళ్ళు, ఒక ఊదు,
మళ్ళీ రెండు రాపిళ్ళు, ఒక ఊదు.
అవతల ఓవెన్‌లో రొట్టె మాడుతూ ఉంటుంది.

పదిహేడో ఈల.
నవంబరు. పైకప్పు రేకుమీద వాన.
కాళ్ళు ఉన్నాయో లేవో తెలియని చలి.
పైనుంచి రెండో రంధ్రం
ఒక్క వెంట్రుకవాసి హెచ్చింది.
చాల్లే అనిపించింది.
అరచేయి చూపించాను.

అతను కళ్ళు మూసుకున్నాడు.
గొట్టం వెనక బొటనవేలు ఆనించి
ఇంకోసారి ఊదాడు, పొడుగ్గా.
ఆకురాయి కింద పెట్టాడు.
"అబద్ధమాడేటప్పుడు నీ బొటనవేలు
లోపలికి ముడుచుకుంటుంది ఊనా,
పెళ్ళినాటి నుంచీ."

ఆ నలుపులో నిలబడి లెక్కపెట్టుకున్నాను.
ఓడల పని మూతపడ్డ ఏడు
"ఇంకా డబ్బుందిలే" అన్నది.
డాక్టరు దగ్గర్నుంచి వస్తూ బస్సులో
"గులిమి పేరుకుందట, అంతే" అన్నది.
వాళ్ళమ్మ పోయిన రాత్రి
"నిద్రలోనే, నొప్పి లేకుండా" అన్నది.
ప్రతిసారీ ఈ చేయి
అతని కళ్ళముందే ఉండి ఉంటుంది.
ప్రతిసారీ అతను తలూపాడు.

కొవ్వొత్తి వెలిగించాడు.
రంధ్రం అంచున ఒక చుక్క మైనం వేసి
ఆరకముందే గోటితో ఒత్తాడు.
ఊదాడు.
నా వైపు చూడలేదు.
చూసేదాకా నేను చెయ్యెత్తే ఉంచాను,
అయిదు వేళ్ళూ విడదీసి
బస్సు ఆపేదానిలా.

ఆ ఈల చేపల కొట్టు టైగ్ కొన్నాడు.
మైనం వేశాం నాయనా,
ఎండలో పెట్టకు, కరిగిపోతుందన్నాను.
వాడు గుమ్మంలోంచి ఆకాశం కేసి చూసి
"ఎండా?" అన్నాడు.