నూట పన్నెండో పుట

అట్ట లేదు. మొదటి పదహారు పేజీలూ లేవు.
కాబట్టి రాజకుమారుడు పుట్టకుండానే
గుర్రమెక్కి వచ్చేశాడు,
రాత్రి పదకొండున్నరకి, మూడో నంబరు చెరువు గట్టు మీదికి,
ఏరియేటర్ల హోరులోకి.

కాట్రేనికోన గ్రంథాలయంలో
పాత పుస్తకాలు కిలోల లెక్కన కట్టలు కడుతుంటే
సూర్యావతి గారు ఒకటి లాగి నా చేతిలో పెట్టారు:
"నైట్ డ్యూటీ కదమ్మా, నిద్ర ఆపుద్ది."

ఆపింది.
మాంత్రికుడి ప్రాణం చిలకలో,
చిలక ఏడు సముద్రాల అవతల.
దాటుతున్నాడు. నాకు నవ్వొచ్చింది.
ఒక సముద్రంలో గెడ వేశాడు.
ఇంకోదాని దగ్గర పోటు కోసం కాచుక్కూచున్నాడు.
నాలుగోదాని ఒడ్డున మోకాల్లోతు ఒండ్రు,
చెప్పులు చేతబట్టుకుని దిగాడు, పాపం, చక్రవర్తి కొడుకు.
ఈ రాసినాయన సముద్రం చూడలేదు.
ఏడు పాయలు చూశాడు,
రేవుకో కానీ ఇచ్చి దాటి ఉంటాడు.
రాక్షసుడి దీవిలో కూడా
అరటిగెలకి ఎండుటాకు చుట్టి ఉంది.
లంక కాక మరేంటది?

పేజీలకి అడ్డంగా నీళ్ళ మరక,
ఎనభై ఆరు వరద కాబోలు,
అయిదో సముద్రం దాకా ఎక్కి ఆగింది.

ఒంటిగంటకి ఆక్సిజన్ చూశాను. నాలుగు పాయింట్ రెండు.
మళ్ళీ కూర్చున్నాను.

ఆరో సముద్రం ఒడ్డున రాజుగారు
పొడుపుకథ విప్పినందుకు
అర్ధరాజ్యాన్నీ, ఏనుగునీ, పల్లకీనీ, కూతుర్నీ ఇచ్చేశాడు
ఒకే వాక్యంలో, అదే వరసలో.
ఒళ్ళు మండింది. పెన్ను తీశాను.
ఇవి ఇప్పుడు చెల్లవనీ,
మా కళ్ళు వేరనీ
మార్జిన్లో రాద్దామని.

అక్కడ అప్పటికే పెన్సిలు ఉంది.
గుండ్రటి అక్షరాలు, టార్చి వాలిస్తే గానీ తేలనివి:
"ఆవిణ్ణి అడిగారా?"
కింద, మట్టపర్తి వరాలమ్మ, ఫిఫ్త్ ఫారం, 1957.

నేను పుట్టడానికి నలభై ఏళ్ళ ముందు.
ఏ లాంతరు కింద అడిగిందో.
తర్వాత ఆమెనైనా
ఎవరన్నా అడిగారో లేదో.

పెన్ను మూత పెట్టేశాను.

రెండున్నరకి చిలక దొరికింది.
పీక మీద చెయ్యి పడింది.
అప్పుడే కరెంటు పోయింది.
హోరు ఆగితే చెరువు ఎంత పెద్దదో తెలుస్తుంది.
మా రొయ్యల ప్రాణం గట్టు చివర జనరేటర్లో ఉంది,
తాడు లాగితే ఒక్కోసారి పలకదు.
మేత బస్తా దారం పేజీలో పడేసి పరిగెత్తాను.

తెల్లారాక, మేత లెక్కలు రాసే పెన్సిలుతో
వరాలమ్మ పేరు కింద నా పేరు రాశాను.
జవాబు రాయలేదు.

రాజకుమారుడు చిలక పీక పట్టుకుని
ఇంకా అలాగే ఉన్నాడు.
ఉండనీ.
రేపట్నుంచీ నాకు డే డ్యూటీ.