గ్యాస్ అయిపోదు

అల్మాస్‌పేటలో మే నెల, మధ్యాన్నం రెండు.
సజ్జ మీద కడప బండ
చెప్పుల్లోంచి కూడా కాళ్లు కరుస్తాండాది.
రాగి పైపు మీద మాత్రం మంచు.

కిటికీ కమ్మీల్లోంచి చేతులు చాపి
హైమవతి టీచరు పిల్లోళ్లు
దాన్ని గోటితో గీకి నాలిక్కి రాసుకుంటాండారు.
"మంచు పడేంత కూలింగ్ కదన్నా!"
కూలింగ్ కాదు నాయనా,
రగతం తక్కువైన మనిషికి
చేతులు చల్లబడినట్టు.

"గ్యాస్ అయిపోయింటాది, పట్టిచ్చి పో దస్తగిరీ."
ప్రతి ఏడూ పట్టిచ్చుకుంటానే ఉండాదీయమ్మ.
అయిపోయేకి అదేమన్నా పొయ్యికింద గ్యాసా,
బండ్లో పెట్రోలా?
ఒకసారి పోస్తే ఏండ్లకేండ్లు లోపల్లోపలే తిరగాల.
నీళ్లయి, ఆవిరై, మళ్లా నీళ్లయి,
గదిలో ఉడుకును మూటగట్టుకోని
వీధిలో దించి
ఉత్త చేతుల్తో మళ్లా లోపలికి.
తగ్గిందంటే యాడో చిల్లి పడినట్టు.

చిల్లి ఎతికేకి ఎవురికీ ఓపిక లేదు.
నాకూ లేకుండె.
వాల్వు తిప్పి, మిగిలిందంతా ఆకాశానికి ఇడిసి,
కొత్తది కొట్టి,
రోజుకు నాలుగిండ్లు.
స్స్‌స్‌ అని పోతాండె,
బిడ్డ నిద్రపోయే ఇంట్లో
నోటి మీద ఏలు పెట్టి ఊరుకోమన్నట్టు.
ఊరుకుంటి.

తిరుపతిలో మూడు దినాల ట్రైనింగు.
బోర్డు మీద భూమి గీసి
దాని చుట్టూ సుద్దముక్కతో ఇంకో గీత గీసె ఆయప్ప.
"ఇది పైకప్పు. మన ఇరవై రెండు దీన్ని కొరుకుతాది."
ఎనక బెంచీలో లెక్కేసుకుంటి.
పన్నెండేండ్లు, రోజుకు నాలుగిండ్లు, ఇంటికి…
నడిమధ్యలో పెన్ను మూసేస్తి.

ఈ పొద్దు
ఉన్న రవ్వంతా ఖాళీ సిలిండర్లోకి పట్టి,
నైట్రోజన్ కట్టి,
సర్ఫు నురగ బ్రష్షుతో పూస్తాండ
వొంపు వొంపుకూ, నట్టు నట్టుకూ.
చెమట కంట్లోకి దిగుతాది,
తుడుచుకుంటే సబ్బు.
కింద ఇస్త్రీ బండి కాడ్నించి ఓబులేసు:
"నిదానంగా చెయ్యన్నా!
నీ ఫ్యాను ఆగినంక
నాకు బొగ్గుల వేడి ఒక్కటే మిగిలె.
పానం లేసొచ్చె!"

లావు పైపు నట్టు కాడ
ఆవగింజంత బుడగ.
పుట్టె, ఉబ్బె, పగిలె, మళ్లా పుట్టె.
ఏడేండ్లుగా ఈడ్నించే.
ఇంతే.

పైపు కోసి, కొత్త మూతి తీసి, బిగిచ్చి,
వ్యాక్యూం ముప్పావు గంట.
మా తమ్ముని సియ్యల కొట్లో కాటా తెచ్చి
సిలిండరు దాని మీద పెట్టి
తొమ్మిదొందల గ్రాములు.
సియ్యలకు మొగ్గు ఏస్తాడు వాడు,
దీనికి మొగ్గు లేదు.
పైపు మీద మంచు కరిగిపాయె.
పిల్లోళ్లకు నా మీద కోపం.
ఓబులేసు నెత్తిన మళ్లా వడగాలి,
దానికి నా కాడ మందు లేదు.

"గ్యాసు పట్టేకి ఇంతసేపా?"
అని ఐదొందలు తగ్గిచ్చె టీచరమ్మ.

పోయేముందు పెట్టె పక్కన మార్కరుతో
తారీఖు రాస్తి, బరువు రాస్తి.
కింద, నా తర్వాత వచ్చేటోనికి:
లావు పైపు నట్టు కాడ కారుతాండె. మూసినా.
ఊరికే నింపొద్దు. ఎతుకు.