పదకొండో మలుపు

జయపురంలో విమానం ఎక్కే ముందు
మనిషిని కాటా మీద నిలబెడతారు.
సంచితో కలిపి ఎనభై మూడు కిలోలు.
తొమ్మిదే సీట్లు. పైలటు మెడ మీది
చెమటకాయలు కూడా కనిపిస్తాయి.

విశాఖకి యాభై నిమిషాలట.
ఇరవయ్యారేళ్లు నైట్ సర్వీసు తోలినవాణ్ణి,
నా లెక్క ఏడు గంటలు:
పొట్టంగిలో టీ, సుంకి గేటు దగ్గర చెకింగు,
ఘాటు దిగేటప్పుడు వాంతులకి ఇంకో పావుగంట.
అల్లం బస్తాల వాసన మర్నాటి దాకా
చొక్కాని వదిలేది కాదు.

ఇప్పుడు కంటి ఆపరేషను.
బస్సు కుదుపు వద్దన్నాడు డాక్టరు.

కిటికీలోంచి ఘాటు
కుట్టు ఊడిన దారంలా పడి ఉంది.
ఉన్న ఒక్క కన్నూ చికిలించి
మలుపులు లెక్కపెట్టాను.
నాకు పదకొండోది కావాలి.
బ్రేకు పట్టని రాత్రి అక్కడే
నా క్లీనరు బుద్రా హంతాల్
రాయి పట్టుకుని చక్రం ముందుకి దూకాడు.
నలభై ఇద్దరం సాలూరు చేరాం.

నాలుగు. అయిదు. ఆరు...
మబ్బు.

పక్కసీటు కుర్రాడు నీళ్ల సీసా మూత తీశాడు,
రెండు గుక్కలు తాగి బిగించాడు.
అంతలో కొండలే అయిపోయాయి.
"ఎంత దూరం వచ్చామండీ?" అన్నాడు.
ఏం చెప్పను?

ఆ మలుపులో ప్రతి రాత్రీ
ఒక్కసారి హారన్ కొట్టేవాణ్ణి,
బండి ఎదురొచ్చినా రాకపోయినా.
ఇవాళ
సీటు బెల్టు బిళ్ల మీద
అరచెయ్యి ఆనించి నొక్కాను,
ఎక్కడో ఒకచోట,
అందాజుగా.