సెలవు కారణం

అనంతపురం కలెక్టరాఫీసులో
నా బల్ల మీదికి ఒక ఫైలొచ్చింది.
వెట్టి పోయిన దినాన్ని
సర్కారు సెలవుగా ప్రకటించమని సంఘం వాళ్ల అర్జీ.
కింద నాలుగువందల పదమూడు వేలిముద్రలు,
తాకితే నా వేలికీ నీలమంటింది.
పైనుంచి ఎర్ర పెన్నుతో ఒకే ప్రశ్న:
ఏ తేదీ? ఆధారం జతపరచవలెను.

చట్టం తేదీ నాకు తెలుసు, గెజిట్టులో ఉంది.
కానీ ఆ చట్టం ఢిల్లీలో బయల్దేరి
కళ్యాణదుర్గం దాటి
మా ఊరి గొడ్లపాక కాడికి వచ్చేసరికి
ఎనిమిదేండ్లు పట్టింది.
నడిచొచ్చిందో,
దోవలో ఎవరింట్లోనైనా జీతానికి కుదిరిందో.

ఆదివారం పొయ్యి అబ్బనడిగినా.
మా అబ్బ ఉలిగప్ప. వాళ్ల నాయన
నూటిరవై రూపాయలు, రెండు మూటల కొర్రలు తీసుకోని
పత్రం మీద వేలు పెడితే
ఆ వేలు పట్టుకోనే నడిచినాడు అబ్బ
ఇంటినుంచి ఆసామి పాకకు.
ఉగాదికి లెక్క చూసేవాళ్లంట.
ప్రతి ఉగాదికీ బాకీ ఈనేదంట.

"తేదీనా?" అన్నాడు.
"చెనిక్కాయ పీకే నెల. అమాస పొయ్యి మూడో దినం.
జీపులో ఎవరో వచ్చి కాగితం చదివిరి.
అప్పుడు ఆసామి సెలవిచ్చినాడు..."
అంటే, మాట్లాడినాడని.
అబ్బ భాషలో ఆసామి నోరు తెరిస్తే
అది సెలవివ్వడమే.
ముప్పై ఏండ్లు ఆయన సెలవిస్తానే ఉన్నాడు,
ఈయనకు ఒక్క దినమూ సెలవు లేదు.

"ఏమని సెలవిచ్చినాడబ్బా?"

"పో, అన్నాడు.
యాడికి పోవల్లో చెప్పలేదు.
నేను తలుగు తీసి గూటానికి తగిలించినా.
మర్నాడు కోడి కూస్తానే లేచి
మళ్లా పొయ్యి ఎద్దులకు కసువేసినా.
కాగితం నాకు చదివిరి గానీ
ఎద్దులకు చదవలేదు కదమ్మా."

జేజి తిప్పక్క చేట పక్కన పెట్టి అందుకుంది:
"సెలవంటే ఆ పొద్దు కూలి ఇయ్యరు గదా?
కూలిచ్చే సెలవైతేనే రాయి.
లేదంటే ఆ కాగితాలు చుట్టి పొయ్యిలో పెట్టు."

గడప మీద చిన్నాయన కొడుకు భీమలింగ
ఫోన్లో మేస్త్రీ మాటలకు తలూపుతున్నాడు.
బెంగళూరు పని. అడ్వాన్సు నలభై వేలు.
ఆధార్ కార్డు మేస్త్రీ దగ్గరే ఉందంట.
"జాగ్రత్తగా పెడ్తాడక్కా" అన్నాడు.
నేను సంచీలో ఫైలును ఇంకొంచెం లోపలికి తోసినా.

సోమవారం నోటు రాసినా:
తేదీ, గ్రామానికొకటి.
ఆధారం, సాక్షులు బతికే ఉన్నారు,
వారిని జతపరచుటకు వీలుపడదు.
వెనక్కొచ్చింది.
ఇంకా తిరుగుతానే ఉంది మూడు బల్లల మధ్య,
తల్లి లేని దూడ మాదిరి.

కార్తీకంలో ఆ మూడో దినానికి
నేను సీఎల్ పెట్టుకున్నా.
కారణం అనే గడి కాడ పెన్ను చాలాసేపు ఆగింది.
జ్వరం అని రాయలేదు. పెండ్లి అని రాయలేదు.
"ఎద్దులకు కసువు వేయవలసిన పని లేనందున"
అని రాసినా.
సూపరింటెండెంటు సారు రెండుసార్లు చదివినాడు.
కండ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.
ఒక్క మాటైనా అనకుండా
సెలవిచ్చినాడు.

ఆ పొద్దు తెల్లారకముందే అబ్బకు మెలకువొచ్చింది.
కోడి కూసింది.
మంచం పట్టె మీద చెయ్యేసి లేవబోయి
కింద చాప మీదున్న నన్ను చూసినాడు.
"కూసిందే" అన్నాడు.
"కూయనీలే" అన్నా.
దుప్పటి మోకాళ్ల మీదికి లాక్కున్నాడు.
నిద్రపోలేదు.
పడుకున్నాడు, అంతే.