మూడో మినహాయింపు

కోర్టు భవనం కింది గదిలో తడి సున్నం వాసన.
గుమాస్తా డెల్ఫా తాళాల గుత్తి బల్ల మీద పడేసి
"నాలుగింటి దాకా నీదే" అంది.
తోలు అట్ట, వెన్ను విరిగిన పుస్తకం.
ఒకప్పటి నల్ల సిరా
ఇప్పుడు ఎండిన పొగాకు రంగు.

పద్దెనిమిదివందల తొమ్మిది, రెండో శనివారం.
లోన్ మిల్ వాగు బాప్టిస్టు సంఘం
ప్రార్థన ముగించి పనికి కూర్చుంది.
సహోదరుడు లెమ్యూయెల్ హకబీ లేచి అడిగాడు:
సాటి మనిషిని కొనుక్కున్నవాడితో
ఒకే రొట్టె విరవవచ్చునా?
సంఘం జవాబు: ప్రశ్న శాంతికి భంగం.
కింద మరో వాక్యం:
సహోదరుణ్ణి వెలివేయడమైనది.

ఇంతవరకూ మా ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు.
పంది తొడలు పొగబెట్టే రోజుల్లో
తాత చెప్పేవాడు,
ఆయన వెంట తొమ్మిదిమంది లేచారని,
తలుపు తోసుకుని మంచులోకి నడిచారని.
ఏటేటా తొమ్మిది పన్నెండయ్యేది, పన్నెండు ఇరవై.
మంచు మోకాళ్ళ దాకా ఎదిగేది.

పుస్తకంలో నెల జూలై.

నవ్వుకున్నాను. పక్క బల్ల దగ్గరి మనిషి తలెత్తింది.
ఒడెస్సా టాలివర్. ఇండియానాలో
ముప్పయ్యేళ్ళు బడి బస్సు నడిపిందట.
నాలాగే తెల్లారకముందే బయల్దేరింది,
నేను చూస్తున్న పుస్తకం కోసమే.

రెండో పుస్తకం సన్నది.
వెలి పడ్డవాళ్ళు మొక్కజొన్న కొట్టంలో పెట్టుకున్న సంఘం.
మొదటి పేజీలో పెద్ద అక్షరాల నియమం:
బానిస గలవారికి ఇక్కడ చోటు లేదు.
ఆ కిందే, చేతివ్రాత చిన్నదైపోయి,
మినహాయింపులు.
యజమాని మైనరైతే.
బానిస పనిచేయలేని ముసలిదైతే.
భర్త విడుదలకు ఒప్పుకోని భార్య అయితే.

మూడోదాని పక్కన ఒక పేరు, కెజయా హకబీ.
లెమ్యూయెల్ అన్న ఆసాకు భార్య.

వేలు అక్కడే ఆగింది.
నా సంచిలోని వంశవృక్షం
కెజయా దగ్గరే మొదలవుతుంది.
ఆమెను లెమ్యూయెల్ పెళ్ళామని రాసుకున్నాం.
ఎవరు రాశారో మరి, సీసపుపెన్సిల్‌తో,
ఎంత గట్టిగా ఒత్తారో వెనక పేజీలో గాడి పడింది.
లెమ్యూయెల్‌కు పిల్లలే లేరు.
మంచులో నడిచినవాడు, జూలైలో నడిచినవాడు,
మాకు ముత్తాతల్లో ఎవడూ కాడు.

ఒడెస్సా మాట్లాడకుండా
తన దగ్గరి పన్ను చిట్టా ఇటు జరిపింది.
ఆసా హకబీ: రెండొందల ఎకరాలు,
నాలుగు గుర్రాలు, పదహారేళ్ళు దాటిన నల్లవారు ఒకరు.
"ఆ ఒకరి పేరు జిన్సీ" అంది.
"మీ పన్ను పద్దే మా కుటుంబ బైబిలు."

కొత్త సంఘం ఖర్చుల్లో జిన్సీని
ఆమే చూపించింది, గోరు తగలకుండా:
బల్ల ఆరాధన రొట్టె, ఆసా ఇంటి జిన్సీ కాల్చినది,
పిండి ఖరీదు పన్నెండు సెంట్లు
కెజయాకు చెల్లు.

రొట్టె విరిచినప్పుడు
జిన్సీకి ముక్క పెట్టారా?

ఇద్దరం వెతికాం. నాకు ఎడమ పేజీలు, ఆమెకు కుడివి.
పాస్టరు గుర్రానికి వేసిన గడ్డి ఉంది.
విరిగిన బెంచీకి మేకులున్నాయి.
"పెట్టి ఉంటారు" అన్నాను,
ఎవరి తరఫున అన్నానో తెలీదు.
"గడ్డి రాసినవాళ్ళు" అంది ఒడెస్సా,
వాక్యం పూర్తిచేయలేదు.

డెల్ఫా తాళాలు గలగలలాడించింది.
నకలు పేజీకి పాతిక సెంట్లు. నా దగ్గర చిల్లర లేదు.
ఒడెస్సా ఇచ్చింది. అప్పు రాసుకోమన్నాను,
ఆమె గట్టిగా నవ్వింది, నేను ఆలస్యంగా నవ్వాను.

కారు దగ్గర తన కాగితం విప్పింది.
పైన జిన్సీ. తండ్రి గడి ఖాళీ.
కింద ఆమె కొడుకు, టాలివర్ల మొదటివాడు,
మిసోరీలో కమ్మరి.
పేరు లెమ్యూయెల్.

అతని కొడుకూ లెమ్యూయెల్. మనవడూ.

హకబీల్లో రెండువందల ఏళ్ళుగా
ఆ పేరు ఒక్క బిడ్డకూ పెట్టలేదు.
కుక్కకు తప్ప, తాత వేటకుక్కకు.
అది మాత్రం ఆమెకు చెప్పలేదు.