చేతులు ఎక్కడ పెట్టుకోవాలి

జంబియానీలో సముద్రం రోజుకు రెండుసార్లు
చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతుంది.
చెప్పాపెట్టకుండా అంటాను గానీ
ఆటుపోట్ల పట్టీ నా కెమెరా సంచిలోనే ఉంటుంది,
లెన్సు తుడిచే గుడ్డలో మడిచి.
ఈ రోజు ఎనిమిదింటికి పూర్తి ఆటు.
మెత్తటి వెలుగు ఏడుంబావు దాకా.
ఆ తర్వాత ఎండ కళ్ళకింద గుంటలు తవ్వుతుంది,
ఏ పౌడరూ వాటిని పూడ్చలేదు.

బోగ్నా నాలుగింటికే లేచిందట.
తమ తోరూన్‌లో ఇప్పుడు మంచు కురుస్తోందని చెప్పింది,
చెబుతూ నవ్వింది, పళ్ళు కనబడకుండా.
ముప్పై నాలుగు మంది చుట్టాలు హోటల్లో నిద్రపోతున్నారు.
పెళ్ళి సాయంత్రం. ఫొటోలు ముందు.
నాలుగు గజాల గౌను తోకను
తడి ఇసుక మీద పరిచాం నేనూ మకామే,
వల ఆరేసినట్టు.

బరువు వెనక కాలి మీద వెయ్యి.
ముందు మోకాలు కాస్త వంచు.
గడ్డం నా వైపు చాచు. ఇప్పుడు దించు.
తాబేలులా అనిపిస్తుంది, తెలుసు.
ఫొటోలో హంసవే.

క్షితిజం మెడను కొయ్యకూడదు,
అందుకని నేనే ఇసుకలో బోర్లా పడుకున్నాను.
మకామె వెండి అట్టను అటూ ఇటూ వంచి
సూర్యుణ్ణి తెచ్చి ఆమె చెంప మీద పెట్టాడు.
"మేలిముసుగు! ఒకటి, రెండు, వదులు!"
కస్కాజీ గాలి దాన్ని ఎత్తింది, తిప్పింది,
తీసుకెళ్ళి ఆమె నోట్లోనే కుక్కింది.

ఆఖరికి అన్నీ కుదిరాయి. చేతులే కుదరలేదు.
నడుం మీద పెడితే చేపల బేరానికి వచ్చినట్టుంది.
వదిలేస్తే ఎవరివో తెచ్చి తగిలించినట్టుంది.
పూలగుత్తిని పట్టుకుంటే
కిక్కిరిసిన బస్సులో కడ్డీని పట్టుకున్నట్టుంది.
పన్నెండేళ్ళుగా చూస్తున్నాను,
ఏ దేశం పెళ్ళికూతురికైనా
ముందు దారి తప్పేది చేతులే.

అప్పుడొచ్చారు ఫ్రేములోకి నాచు ఆడవాళ్ళు,
కంగాలు మోకాళ్ళ పైకి దోపి, నెత్తిన సంచులతో,
అందరికంటే ముందు బీ మిజా.
ఒడ్డు మీంచి పెళ్ళి ఏర్పాట్ల రెనాటా అరిచింది,
వాళ్ళు కాస్త పక్కకు జరిగితే బాగుంటుందని.
ఎక్కడికి జరుగుతారు? వాళ్ళ పొలం అక్కడే.
నీళ్ళలో మేకులు, మేకుల నడుమ తాళ్ళు, తాళ్ళ నిండా నాచు,
మేము నిలబడ్డదే వాళ్ళ గట్టు.
నా మొదటి కెమెరా కూడా ఆ తాళ్ళ మీదే పెరిగింది.
మా అక్క మూడేళ్ళు కోసి, ఎండబెట్టి, తూకం వేయించింది.
ఇదంతా రెనాటాకు చెప్పలేదు.
లెన్సు మార్చుకున్నాను.

"ఆ పిల్ల చేతులు ఊరికే ఉన్నాయేం?"
బీ మిజా అడిగింది, నన్ను కాదు, గాలిని.
అడిగి, ఒక తాడు కొస తెచ్చి
బోగ్నా చేతుల్లో పెట్టేసింది.
ఆమె భాష ఈమెకు రాదు, ఈమెది ఆమెకు రాదు.
నాచు రెమ్మను దారప్పోగులో ఇరికించు,
చుట్టు తిప్పు, లాగు. ఇలా.
ఒకటి. రెండు.
బోగ్నా అక్కడే గొంతుక్కూర్చుంది,
తెల్లటి గౌను నడుం దాకా ఉప్పునీళ్ళు పీల్చుకుంటూ.
గడ్డం ఎక్కడుందో మర్చిపోయింది.
నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని
మూడో ముడి బిగిస్తోంది.

నేను నొక్కింది అప్పుడే.
క్షితిజం సరిగ్గా మెడ మీదుగానే పోయింది.
పోనీ.

ఆల్బంలోకి హంసే వెళ్ళింది,
ముసుగు వెనక చేతులు దాచినది.
వాళ్ళమ్మ ఎంచుకుంది. తప్పు పట్టను,
అదీ నేను తీసిందే, బాగానే ఉంది.
రెండోది అచ్చు వేయించి
శుక్రవారం నమాజు తర్వాత బీ మిజా ఇంటికి పట్టుకెళ్ళాను.
కళ్ళజోడు వెతుక్కుంది. గుమ్మంలోకొచ్చి
వెలుగుకు పట్టి చాలాసేపు చూసింది,
పెళ్ళికూతుర్ని కాదు, తాడుని.
"రెండో ముడి వదులు," అంది.
"పోటొస్తే నిలవదు."