తొమ్మిది బెజ్జాలు

ఇత్తడి పలకకి తొమ్మిది బెజ్జాలు.
మొదటిది రూపాయి బిళ్ళంత,
చివరిది ఆవగింజకి కొంచెం పెద్ద.
ఉక్కుపుల్లని ఒక్కో బెజ్జంలో
అంచు తగలకుండా పదిహేను సెకన్లు నిలపాలి.
తగిలితే బజర్ అరుస్తుంది.
అరుపులు లెక్కపెట్టడం నా ఉద్యోగం.

రేణిగుంట రోడ్డులో రెండో అంతస్తు.
నడకని, పిడికిలిని, ఉలికిపాటుని
అంకెల్లోకి దించే గది.
కిటికీలో కొండ కనిపిస్తుంది గానీ
కుర్చీని అటు తిప్పనివ్వం,
చూపు చెదురుతుందని.

చెంగమ్మ జీవకోన నించి వచ్చింది.
పంతొమ్మిదేళ్ళు కల్యాణకట్టలో కత్తి పట్టిన చెయ్యి.
ఎన్ని తలలు గీసుంటావని అడిగితే
"ఎంచుకుంటా కూచుంటే లైను కదల్తుందా సామీ" అంది.
ఇప్పుడు కుడిచెయ్యి అదరతా ఉండాది.
పై ఆఫీసరుకి కాగితం కావాలంట.

మొదటి మూడు బెజ్జాలూ నిశ్శబ్దం.
నాలుగో దాని దగ్గర బజర్ ఒకసారి దగ్గింది.
ఆరోదానికి ఆపకుండా అరిచింది.
పుల్ల కిందపెట్టి
అరచెయ్యి కొంగుకి తుడుచుకుంది,
తప్పంతా చెమటదే అన్నట్టు.

మొత్తం ముప్పై ఏడు.
ఆ వయసుకి పన్నెండు దాటకూడదు.

"ఇదేం పరీచ్చ నాయనా,
గాల్లో పుల్ల పట్టుకుంటే ఎవురికైనా అదరతాది.
దీనికి తలకాయేదీ?"

నాకు అర్థం కాలేదు.
"నువ్వు వొంగు" అంది.
వంగాను.

ఎడమ అరచెయ్యి నడినెత్తిన పడింది.
కుడి చిటికెనవేలు చెవి పైన ఆనింది.
పుల్ల మొద్దుకొస
నుదుటి నించి మెడ దాకా జారింది,
ఒకే గీత.

బస్సు ఆగి ఇంజిన్ తిరుగుతున్నప్పుడు
సీటు కింద ఉండే అదురులాంటిది
ఆ చిటికెనవేల్లో ఉంది.
నిజం చెప్పాలి, ఉంది.
పుల్ల దాకా రాలేదు.

"ఏడ్చే బిడ్డైతే ఇంకా బాగా నిలుస్తాది చెయ్యి.
ఎందుకో నాకూ తెలీదు."

ఫారంలో కుడిచేతికి ఒక గడి,
ఎడమచేతికి ఒక గడి.
రెండూ ఒక నెత్తి మీద కలిసే చోటికి
గడి గీయలేదెవరూ.
ముప్పై ఏడే రాశాను. అంకె అబద్ధమాడలేదు.
అడుగున, ఖాళీలో ఇరికించి:
'ఆనిక ఇచ్చి కొలవలేదు.
మా దగ్గర పరికరం లేదు.'

రెండుసార్లు చదివించుకుంది.
"ఆనికంటే ఆ ఆఫీసరుకి తెలుస్తాదా?"
చెప్పలేకపోయాను.

ఆమె దిగుతుంటే
అలవాటుగా వాచీ చూసుకున్నాను.
ఇరవై రెండు మెట్లు, పద్నాలుగు సెకన్లు.
ఎక్కడా గోడ పట్టుకోలేదు.